తొలి పక్కటెముక తీసేశాక చెయ్యి ఎంతవరకు తేరుకుంటుంది?

మెడ వెన్నుపూసల మధ్య నుంచి చేతికి దిగే అయిదు నరాల మూలాలు, గుండె నుంచి చేతికి రక్తాన్ని తెచ్చే సబ్‌క్లేవియన్ ధమని, ఆ రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సబ్‌క్లేవియన్ సిర, ఇవన్నీ ఛాతీ పైభాగాన ఒక ఇరుకైన సందులోంచే పోవాలి. ఆ సందుకు పైన జత్రుక, అంటే అందరూ కాలర్ బోన్ అని పిలిచే ఎముక ఉంటుంది. కింద పొట్టిగా, వెడల్పుగా, బాగా ఒంపు తిరిగి ఉండే తొలి పక్కటెముక ఉంటుంది. మెడ పక్క నుంచి దిగి ఆ పక్కటెముకను అంటుకునే స్కేలీన్ కండరాలు ముందొకటీ వెనకొకటీ నిలుస్తాయి. నరాలూ ధమనీ ఆ రెండు కండరాల మధ్యనున్న త్రికోణంలోంచి వెళ్తే, సిర మాత్రం ముందరి కండరానికి ఇవతల, జత్రుకకూ పక్కటెముకకూ నడుమ దూరి వెళ్తుంది. చెయ్యి పైకెత్తినా, భుజం మీద బరువు పడినా ఈ సందు ఇంకొంత బిగుస్తుంది. చాలామందికి ఆ బిగువు తెలియనే తెలియదు. పుట్టుకతోనే అక్కడ అదనపు ఎముకో నారపట్టీయో ఉన్నవారికి, మెడకు దెబ్బ తగిలి కండరం గట్టిపడినవారికి, ఏళ్ల తరబడి చేతులు పైకెత్తి ఒకే రకం పని చేసేవారికి మాత్రం అది నరాన్నో రక్తనాళాన్నో నొక్కే స్థాయికి చేరవచ్చు. ఆ ఒత్తిడి వల్ల పుట్టే బాధలన్నిటినీ కలిపి వైద్యులు థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ అంటారు.

ఈ పేరు 1956లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు రాసిన ఒక వ్యాసంతో స్థిరపడింది. ఆ వ్యాసం శస్త్రచికిత్స గురించి కాదు, వ్యాయామంతో చేసిన చికిత్స గురించి. ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువమందికి ఆపరేషన్ అవసరమే రాదని, అవసరమైన కొద్దిమందిలోనూ కొందరికి ఆలస్యమైతే వేళ్లూ, ఒక్కోసారి చెయ్యీ దక్కవని ఇప్పటి వైద్య అనుభవం చెబుతోంది. ఎవరు ఏ కోవలోకి వస్తారో సరిగా తేల్చడం మీదనే శస్త్రచికిత్స ఫలితం ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఆపరేషన్ థియేటర్‌లో జరిగే పని ఎంత నైపుణ్యంతో సాగినా, మనిషి ఎంపికలో జరిగిన పొరపాటును అది సరిదిద్దలేదు.

నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి లాంటి మండలాల్లో ఈ సంగతులు తెలియవలసిన అవసరం మరీ ఎక్కువ. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇదంతా మహబూబ్‌నగర్ జిల్లా, వాడుకలో పాలమూరు. పాలమూరు లేబర్ అనే పేరుతో దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్వి, రోడ్లు వేసిన కూలీలు గుంపు మేస్త్రీల వెంట తరలిపోయింది ఈ పల్లెల నుంచే. మట్టి తట్ట నెత్తికెత్తుకోవడం, స్లాబు పోసేటప్పుడు మాలు నింపిన తట్టలను చేతులు మార్చుకుంటూ పై అంతస్తుకు అందించడం, మందు నింపిన స్ప్రే పంపును వీపున కట్టుకొని దాని పట్టీలు రెండు భుజాలనూ కోస్తుండగా పత్తిచేలో సాళ్లవెంట నడవడం, గద్వాలలో గుంత మగ్గం ముందు కూర్చొని రోజంతా చేతులు ఆడించడం, ఇవన్నీ భుజాన్నీ మెడనూ అలుపెరగకుండా వాడే పనులు. ఈ పనులు చేసేవారందరికీ ఈ జబ్బు వస్తుందని అనుకోవలసిన పనిలేదు. అయితే లోపల ఎముకలోనో కండరంలోనో ముందునుంచీ ఒక లోపం ఉన్న మనిషికి, ఆ లోపాన్ని బయటపెట్టే శ్రమ ఇలాంటిదే. రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్లలో చేతి తిమ్మిరి అంటే ఆ నెల కూలి, ఆ నెల కిస్తీ, పిల్లల ఫీజు అన్నీ కలిసిన సమస్య.

జబ్బు మూడు రకాలు. నూటికి తొంభైకి పైగా కేసుల్లో నొక్కుకుపోయేది నరాల అల్లిక; మూడు నుంచి అయిదు శాతంలో సిర; ఒక శాతం దగ్గర ధమని. ఈ మూడింటికీ పేరు ఒకటే గాని దారులు వేరు, వేగాలు వేరు, శస్త్రచికిత్స నుంచి ఆశించగల మేలు కూడా వేరు. అన్నిటినీ కలిపి ఆపరేషన్ మంచిదా కాదా అని అడగడం వల్లనే ఈ జబ్బు చుట్టూ చాలా గందరగోళం పేరుకుంది.

ధమని రకం అరుదైనదే అయినా అన్నిటికంటే ప్రమాదకరం. దాదాపు ఎప్పుడూ దీని వెనక ఒక ఎముక దోషం ఉంటుంది. మెడలోని ఏడో వెన్నుపూస నుంచి పక్కటెముకలా మొలిచే అదనపు ఎముకను సర్వైకల్ రిబ్, అంటే మెడ పక్కటెముక అంటారు. అది వెయ్యిమందిలో అయిదు నుంచి పదిమందికి ఉంటుంది, మగవారికంటే ఆడవారిలో ఎక్కువ, ఉన్నవారిలో అత్యధికులకు జీవితాంతం ఏ బాధా రాదు. ఆ ఎముక ధమనిని ఏళ్ల తరబడి నొక్కినప్పుడు, నొక్కిన చోటు దాటిన వెంటనే ధమని గోడ పలచబడి ఉబ్బుతుంది. ధమనిని కొంత మేర బిగించి కడితే ఆ అవతలి భాగం వెడల్పవుతుందని అమెరికా శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ 1916 ప్రాంతంలో కుక్కల మీద చేసిన ప్రయోగాలలో చూపించాడు. ఆ ఉబ్బులో రక్తం సుడి తిరిగి గడ్డలు కడుతుంది, గడ్డల ముక్కలు విడిపోయి వేళ్ల చివరి సన్నని నాళాల్లో అడ్డం పడతాయి. ఒకటో రెండో వేళ్లు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, నీలంగా మారి, గోటి పక్కన నల్లని మచ్చ పడుతుంది. పొలం పనిలో ముల్లు గుచ్చుకుందనో చలికి అలా అయిందనో దాన్ని సరిపెట్టుకుంటే, తర్వాతి గడ్డ మణికట్టు దగ్గరి ధమనినే మూసేయవచ్చు.

సిర రకం హఠాత్తుగా వస్తుంది. బరువైన పని చేసిన మర్నాడు పడుచు వయసు మనిషి చెయ్యి భుజం దాకా వాచి, ఊదారంగుకు తిరిగి, ఛాతీ మీద కొత్తగా నీలి సిరలు తేలి కనిపిస్తే, జత్రుక కింది సిరలో రక్తం గడ్డకట్టిందని అనుమానించాలి. 1875లో లండన్ వైద్యుడు జేమ్స్ పేజెట్, 1884లో వియన్నా వైద్యుడు ఫాన్ ష్రోటర్ వేర్వేరుగా దీన్ని వర్ణించారు గనుక ఇప్పటికీ ఆ ఇద్దరి పేర్లతోనే దీన్ని పిలుస్తారు. రెండు వారాలలోపు ఆసుపత్రికి చేరితే సన్నని గొట్టం ద్వారా గడ్డ దగ్గరికే మందు పంపి కరిగించవచ్చు. గడ్డ ముదిరి సిర గోడకు అతుక్కుపోయాక ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది.

ఇక నరాల రకం. మెడ పక్కన, భుజం వెనక పోటు, చేతి లోపలి అంచు వెంట ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ పాకే తిమ్మిరి, తల దువ్వుకునేటప్పుడో దండెం మీద బట్టలు ఆరేసేటప్పుడో చెయ్యి బరువెక్కి దిగిపోవడం దీని లక్షణాలు. రెక్క గుంజుతోందని, చేతిలో పట్టు లేదని, పట్టుకున్న గిన్నె జారిపోతోందని పల్లెల్లో చెప్పుకునే బాధ ఇదే కావచ్చు, ఇంకేదైనా కూడా కావచ్చు. ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న నొప్పి సూదితో రెండు రోజులు తగ్గి మళ్లీ మొదలవుతుంది. మెడ నరం పట్టేసిందని ఎవరో చెబితే మెడకు పట్టీ వస్తుంది. ఆ తర్వాత మెడ ఎముకల అరుగుదల అన్న మాట వినబడుతుంది, నలభై దాటినవారి ఎక్స్‌రేలో అరుగుదల ఎలాగూ కనిపిస్తుంది గనుక ఆ మాట అక్కడే స్థిరపడిపోతుంది. ఈ తిరుగుడులో నెలలు కాదు, ఏళ్లు గడుస్తాయి. నరం ఎంతకాలం నొక్కుడులో ఉంటే శస్త్రచికిత్స తర్వాత తేరుకునే అవకాశం అంతగా తగ్గుతుందన్నది ఈ రంగంలో పదేపదే రుజువైన విషయం గనుక, ఆ పోయిన ఏళ్లే రోగికి జరిగిన అసలు నష్టం.

నిర్ధారణ కష్టం కావడానికి కారణం ఉంది. రక్తనాళాల రకాలను డాప్లర్ స్కాన్, రంగు మందుతో తీసే సీటీ స్కాన్ స్పష్టంగా పట్టిస్తాయి. నరాల రకాన్ని ఒక్క దెబ్బతో తేల్చే పరీక్ష లేదు. నరాల్లో విద్యుత్తు ప్రసారాన్ని కొలిచే పరీక్ష ఈ రోగుల్లో ఎక్కువమందికి మామూలుగానే వస్తుంది. అందువల్ల వైద్యుడు చేత్తో చేసే పరీక్షకు ఇక్కడ చాలా విలువ. వాటిలో తరచుగా వాడేది డేవిడ్ రూస్ అనే అమెరికా శస్త్రవైద్యుడి పేరుతో ఉన్నది. రోగిని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, రెండు చేతులనూ భుజాల ఎత్తుకు పక్కలకు చాపించి, మోచేతులు మడిచి అరచేతులు ముందుకు తిప్పించి, మూడు నిమిషాల పాటు పిడికిళ్లు నెమ్మదిగా మూసి తెరవమంటారు. ఆరోగ్యవంతుడికి చేతులు అలసిపోవడం తప్ప ఏమీ కాదు. జబ్బున్నవారిలో మొదటి నిమిషంలోనే ఒక చేతి వేళ్లలో జివ్వుమనడం మొదలై, పిడికిలి వేగం తగ్గి, ఆ చెయ్యి కిందికి జారిపోతుంది. రెండో చెయ్యి ఇంకా ఆడుతూనే ఉంటుంది. ఏ ఖర్చూ లేని ఈ పరీక్షను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చేయవచ్చు. అయితే జబ్బు లేనివారిలో కూడా ఇది కొన్నిసార్లు తిమ్మిరి పుట్టిస్తుంది గనుక దీని ఒక్కదాని మీద ఆధారపడి ఆపరేషన్‌కు పంపడం తగదు. ముందరి స్కేలీన్ కండరంలోకి మత్తు సూది వేసి, కాసేపు ఆ కండరం సడలినప్పుడు బాధ తగ్గుతుందో లేదో చూడడం మరో పద్ధతి. అలా తగ్గినవారికి ఆపరేషన్ కూడా మేలు చేసే అవకాశం ఎక్కువ.

తెలుగు నేల మీద ఈ జబ్బును పోలి ఉండే వేరే జబ్బులను విడదీయడం విదేశీ పాఠ్యపుస్తకాల్లో కనిపించేదానికంటే కొంత భిన్నమైన పని. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారి చేతి కండరాలు కరిగిపోతుంటే ఇక్కడ మొదట కుష్ఠును తోసిపుచ్చాలి. మోచేతి లోపలి వైపు నరాన్ని వేలితో తడిమి అది తాడులా లావెక్కిందేమో చూడడం, చర్మం మీద స్పర్శ లేని మచ్చలు వెతకడం ఒక్క నిమిషం పని. పడుచు వయసు కుర్రవాడిలో నొప్పి లేకుండా ఒక అరచెయ్యి మాత్రమే సన్నబడుతుంటే అది జపాన్ వైద్యుడు హిరయామా వర్ణించిన, ఆసియా దేశాల్లో ఎక్కువగా కనిపించే వేరొక జబ్బు కావచ్చు. యువతి మణికట్టు దగ్గర నాడి అందకపోతే పక్కటెముకను అనుమానించే ముందు తకయాసు అనే ధమనుల వాపును గుర్తు చేసుకోవాలి, అది మన దేశంలో అంత అరుదు కాదు. బీడీ, సిగరెట్ అలవాటున్న పెద్దవయసు మనిషికి భుజంపోటుతో పాటు చెయ్యి లోపలి అంచు తిమ్మిరెక్కితే ఊపిరితిత్తి కొసన పుట్టే కేన్సర్ కోసం ఛాతీ ఎక్స్‌రే తీయించక తప్పదు. మెడ డిస్కు జారడం, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం సరేసరి.

శస్త్రచికిత్స చరిత్ర ఎముక చుట్టూ తిరిగింది. 1861లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో హోమ్స్ కూట్ మెడ పక్కటెముకను తొలగించాడు. మెడ పక్కటెముక లేనివారిలోనూ తొలి పక్కటెముకే నరాలను నొక్కవచ్చని గుర్తించి దాన్ని తీసిన అనుభవాన్ని 1910లో ఆస్ట్రేలియా వైద్యుడు మర్ఫీ ప్రకటించాడు. 1927లో మేయో క్లినిక్‌లో ఆడ్సన్, కాఫీ అనే ఇద్దరు ఎముక జోలికి పోకుండా ముందరి స్కేలీన్ కండరాన్ని కోస్తే చాలన్నారు. ఆ తేలిక ఆపరేషన్ చాలాకాలం చలామణీ అయింది గాని బాధ తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. 1966లో రూస్ చంకలోంచి తొలి పక్కటెముకను తీసే పద్ధతిని ప్రచురించాక ఈ ఆపరేషన్లు ఒక్కసారిగా పెరిగాయి, వాటితోపాటు నరాలు దెబ్బతిన్న కేసులూ బయటపడ్డాయి. 1990లో ఒకే వైద్య పత్రికలో నరాల వైద్యుడు ఆసా విల్‌బర్న్ ఈ జబ్బును లేనివారికి కూడా అంటగడుతున్నారని, రూస్ ఉన్నవారిలో సైతం గుర్తించడం లేదని వాదించారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఏ ఆధారాలుంటే ఈ జబ్బు అనాలో, ఫలితాన్ని ఎలా కొలవాలో చెప్పే ప్రమాణాలను అమెరికాలోని రక్తనాళాల శస్త్రవైద్యుల సంఘం 2016లో ప్రకటించాక గాని ఒకరి లెక్కలను మరొకరి లెక్కలతో పోల్చడం సాధ్యపడలేదు.

ఇప్పుడు ప్రధానంగా రెండు దారుల్లో ఆపరేషన్ చేస్తారు. మొదటిది జత్రుకకు పైన అడ్డంగా చిన్న కోత పెట్టి వెళ్లేది. చర్మం కింది పలచని కండరాన్ని, కొవ్వు పొరను పక్కకు జరిపితే ముందరి స్కేలీన్ కండరం కనిపిస్తుంది. దాని మీదుగానే ఫ్రెనిక్ నరం, అంటే ఊపిరి తీయడానికి ప్రధానమైన ఉదర వితానం కండరాన్ని ఆడించే నరం, సన్నగా వాలుగా దిగుతుంది. ఆ నరాన్ని లాగకుండా, నలపకుండా కాపాడుతూ కండరాన్ని పక్కటెముక నుంచి విడదీసి తీసేస్తారు. అప్పుడు వెనక ధమనీ, నరాల మూలాలూ బయటపడతాయి. వాటికి అంటుకున్న నారపట్టీలను ఒక్కొక్కటిగా విడిపిస్తారు. వెనకనున్న స్కేలీన్ కండరంలోంచి (దీన్ని నడిమి స్కేలీన్ అంటారు), భుజం రెక్క ఎముకను పక్కటెముకలకు ఆనించి ఉంచే కండరాన్ని ఆడించే మరో పొడవాటి నరం పోతుంది, దాన్నీ తప్పించి పక్కటెముకను వెనకా ముందూ కత్తిరించి తీస్తారు. పక్కటెముక అడుగున ఊపిరితిత్తి పొర అంటుకొని ఉంటుంది గనుక చివర గాయంలో సెలైన్ నింపి బుడగలు వస్తాయేమో చూస్తారు. రెండో దారి చంకలోంచి. మచ్చ కనబడదు, పక్కటెముక నేరుగా అందుతుంది, కానీ ఆపరేషన్ సాగినంతసేపూ సహాయకుడు రోగి చేతిని పైకెత్తి పట్టుకొని, నరాలు సాగిపోకుండా కొద్ది నిమిషాలకోసారి దించుతూ ఉండాలి, ధమనిని బాగుచేయవలసి వస్తే ఈ దారి చాలదు. సిర రకంలో జత్రుక కింద కూడా కోత అవసరం కావచ్చు. ధమని రకంలో అదనపు ఎముకను తీయడంతో పని పూర్తి కాదు, ఉబ్బిన ధమని ముక్కను కోసి కాలి సిరనో కృత్రిమ నాళాన్నో అతికించాలి, కిందికి జారిన గడ్డలను తీయాలి. ఛాతీలోకి కెమెరా పంపి చేసే పద్ధతులు, రోబో సాయంతో చేసేవి ఇటీవల కొన్ని పెద్ద కేంద్రాల్లో మొదలయ్యాయి.

ఫలితాల విషయంలో రక్తనాళాల రకాల కథ సూటిగా ఉంటుంది. సిర రకంలో సకాలంలో గడ్డ కరిగించి, పక్కటెముక తీసి, తర్వాత సిర సన్నబడిన చోట బెలూన్‌తో వెడల్పు చేస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మామూలు జీవితానికి తిరిగి వస్తారు. పక్కటెముక తీయకుండా సిరలో స్టెంట్ పెట్టడం మాత్రం తప్పు, ఎముకల మధ్య అది నలిగి విరిగిపోతుంది. ధమని రకంలో వేళ్లలో గడ్డలు పేరుకోకముందే చేసిన ఆపరేషన్లు చాలావరకు చక్కగా నిలుస్తాయి. వేలు నల్లబడ్డాక వచ్చినవారికి మిగిలిన వేళ్లను కాపాడడమే లక్ష్యమవుతుంది.

నరాల రకంలో మాట ఆచితూచి చెప్పాలి. ఆపరేషన్ అయిన తొలి నెలల్లో చాలామంది బాగుందంటారు, ఏళ్లు గడిచే కొద్దీ ఆ సంఖ్య కొంత తగ్గుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో సగటున నాలుగేళ్ల తర్వాత విచారిస్తే 65 శాతం మంది తమ బాధ తగ్గిందన్నారు, 18 శాతం మంది పని చేయలేని స్థితిలోనే ఉన్నారు. 2005లో వెలువడిన మరో అధ్యయనంలో 55 మంది రోగులను చీటీ వేసినట్టు రెండు వర్గాలుగా విడదీసి చూడగా, పక్కటెముకను తీసినవారిలో 75 శాతానికి, పక్కటెముక ఉంచి నరాలను మాత్రమే విడిపించినవారిలో 48 శాతానికి మంచి ఫలితం వచ్చింది. ఆపరేషన్‌ను వ్యాయామ చికిత్సతో నేరుగా పోల్చిన అధ్యయనం నెదర్లాండ్స్ నుంచి 2022లో గాని రాలేదు. వ్యాయామంతో తగ్గని 50 మందిని అందులో తీసుకున్నారు. చేతి బలహీనతను సున్నా నుంచి వంద దాకా కొలిచే మానంలో, అంకె ఎంత పెరిగితే బాధ అంత ఎక్కువ అనుకుంటే, మూడు నెలలకు ఆపరేషన్ అయినవారి సగటు 45 దగ్గర, కానివారి సగటు 65 దగ్గర ఉంది. సరిగా ఎంపిక చేసిన మనిషికి ఆపరేషన్ మేలు చేస్తుందనడానికి ఇది గట్టి ఆధారమే, అయితే 45 అన్నది కూడా ఆరోగ్యవంతుడి చెయ్యి కాదు.

కూలీలకు దగ్గరైన లెక్క ఒకటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో పని వల్ల వచ్చిన జబ్బుగా పరిహారం పొందుతూ ఈ ఆపరేషన్ చేయించుకున్న కార్మికులను పరిశీలించి 2000లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఏడాది తర్వాత కూడా 60 శాతం మంది పనికి వెళ్లలేకపోయారు. పరిహారం వ్యవహారాలు అక్కడి లెక్కను కొంత మార్చి ఉండవచ్చు. ఎంత తగ్గించి చూసినా, బరువు పని చేసేవారికీ బల్ల ముందు కూర్చొని పని చేసేవారికీ ఒకే ఆపరేషన్ ఒకే ఫలితం ఇవ్వదని అది హెచ్చరిస్తోంది. వయసు నలభై లోపు ఉండడం, లక్షణాలు మొదలై ఎక్కువ కాలం కాకపోవడం, మత్తు సూదికి ఉపశమనం కలగడం మంచి ఫలితానికి సూచనలు. పొగతాగడం, మత్తు కలిగించే నొప్పి మాత్రలకు అలవాటు పడడం, దిగులు జబ్బు, ఒళ్లంతా నొప్పులుండడం ఫలితాన్ని తగ్గించేవి.

చేతి కండరం కరిగిపోయిన అరుదైన రకం గురించి వేరుగా చెప్పాలి. 1970లో లండన్ నరాల వైద్యుడు రోజర్ గిలియాట్, ఆయన సహచరులు వర్ణించిన ఈ రకంలో మెడ పక్కటెముక కొస నుంచి తొలి పక్కటెముకకు సాగిన గట్టి నారపట్టీ మీద అడుగు నరం ఒరుసుకొని, బొటనవేలి మొదట్లోని ఉబ్బెత్తు కండరం ముందుగా లోతుపడుతుంది. ఆ పట్టీని కోస్తే నొప్పి తగ్గుతుంది, జబ్బు ముందుకు సాగడం ఆగుతుంది. కరిగిన కండరం మాత్రం చాలామందిలో తిరిగి రాదు. బొటనవేలి కింద గుంట పడటం చూసిన రోజునే నరాల వైద్యుడి దగ్గరికి వెళ్లాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ప్రమాదాలనూ దాచకూడదు. ఫ్రెనిక్ నరం దెబ్బతింటే కొన్ని నెలలు ఆయాసం ఉండవచ్చు, భుజం రెక్క ఎముక నరం దెబ్బతింటే ఆ ఎముక వీపు మీద పైకి లేచి చెయ్యి ఎత్తడం కష్టమవుతుంది, ఊపిరితిత్తి పొర చిరిగితే రెండు మూడు రోజులు ఛాతీలో గొట్టం పెట్టవలసి వస్తుంది, ఎడమవైపు శోషరస నాళం కారవచ్చు. చేతి నరాల అల్లికకు శాశ్వత నష్టం అనుభవజ్ఞుల చేతుల్లో నూటికి ఒకటి కూడా ఉండదు. చంక దారిలో చేసినవారికి చెయ్యి లోపలి వైపు కొంత మేర మొద్దుబారడం సాధారణం. కొందరిలో ఒకటి రెండేళ్లలో బాధ తిరగబెడుతుంది. పక్కటెముక వెనక మొదలు పొడవుగా మిగిలిపోవడం, నరాల చుట్టూ మచ్చ గట్టిపడడం అందుకు ముఖ్య కారణాలు.

అందుకే నరాల రకంలో మొదట కనీసం రెండు మూడు నెలలు శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో చికిత్స జరగాలి. మెడ, ఛాతీ కండరాలను సాగదీయడం, భుజం ఎముకను వెనక నుంచి పట్టి ఉంచే కండరాలకు బలం పెంచడం, బరువు మోసే తీరు మార్చడం ఇందులోని పని. సగానికి పైగా రోగులు దీనితోనే కుదుటపడతారు. ఆపరేషన్ తర్వాత కూడా ఇదే పని మళ్లీ చేయాలి, మర్నాటి నుంచే చెయ్యి మెల్లగా కదిలించడం మొదలుపెట్టి, బరువులను మాత్రం రెండు మూడు నెలలు దూరం పెట్టాలి. కూలి ఇంట్లో ఈ రెండు మూడు నెలలే అసలు ఖర్చు. నరాల రకం ఆపరేషన్‌కు తొందర లేదు గనుక విత్తే రోజులూ పత్తి ఏరే రోజులూ దాటించి తేదీ అడగడంలో తప్పులేదు. చెయ్యి వాచిన రోజునా, వేలు నీలమైన రోజునా మాత్రం ఏ పంటా అడ్డు కాకూడదు.

బిజినేపల్లి నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రం, మహబూబ్‌నగర్ రెండూ ఒకే రోడ్డు మీద చెరొక వైపున ఉన్నాయి. రెండు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, నాగర్‌కర్నూల్‌ది 2022లో మొదలైంది. మెడ, ఛాతీ ఎక్స్‌రేల వంటి తొలి పరీక్షలకు ఇక హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఆపరేషన్‌కు మాత్రం వంద కిలోమీటర్లు దాటి రాజధానికి వెళ్లాలి. అక్కడి నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఛాతీ శస్త్రచికిత్స విభాగాలున్నాయి. ఇక ఖర్చు సంగతి. ప్రభుత్వ వైద్య పథకం ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆ పథకం పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. నిర్ధారణ కాగితంలో ఏ రకమో, ఏ ఆపరేషనో స్పష్టంగా రాయించుకొని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రకు చూపితే అనుమతి సంగతి ముందే తేలుతుంది. ఏటా ఎన్ని ఆపరేషన్లు చేస్తారని శస్త్రవైద్యుణ్ణి అడగడం అమర్యాద కాదు. అరుదుగా చేసే ఈ ఆపరేషన్‌లో చెయ్యి తిరిగినవారి ఫలితాలు వేరుగా ఉంటాయి.

నెదర్లాండ్స్ అధ్యయనంలో వాడిన మానంలో 30 ప్రశ్నలుంటాయి: బిగుతు మూత తీయగలరా, తాళం తిప్పగలరా, వీపు రుద్దుకోగలరా వంటివి. పాలమూరు మనిషికి వీటికి తోడు వేరే ప్రశ్నలు వేయాలి. రోజంతా పత్తి ఏరగలుగుతున్నారా, నిండు బిందెను ఒకరి సాయం లేకుండా నెత్తికెత్తుకోగలుగుతున్నారా, ఉపాధి హామీ పనిలో తట్ట మోస్తున్నారా లేక మేట్ నీళ్లు అందించే పనికి మార్చాడా, రాత్రిపూట తిమ్మిరికి లేచి కూర్చుంటున్నారా అని మూడు నెలలకూ, ఏడాదికీ, అయిదేళ్లకూ అడిగితేనే ఈ ఆపరేషన్ ఇక్కడి చేతులకు ఏమిచ్చిందో తెలుస్తుంది. వలసపోయేవారి ఫోన్ నంబర్లు తరచు మారుతుంటాయి గనుక, డిశ్చార్జి కాగితంలో రోగి నంబరు పక్కన ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు కూడా రాసుకోవడం ఏ ఆసుపత్రికైనా సాధ్యమయ్యే పని.